తగిన స్థానం

నీళ్ల పంపులు తయారుచేసి పదకొండు దేశాల్లో అమ్ముకునే ఒక కంపెనీలో విదేశీ నియామకాల విభాగం ఉండేది. ఆ ఏడాది అత్యంత మానవీయ విభాగంగా దానికి బహుమతి లభించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. బహుమతి ఇచ్చింది కంపెనీ. పుచ్చుకున్నదీ కంపెనీయే. పోటీకి నిలవాల్సిన మిగతా రెండు విభాగాలనూ అంతకు ముందు నెలలోనే ఎత్తేశారు కాబట్టి ఎంపిక ఏకగ్రీవంగా జరిగిపోయింది.

విభాగమంటే మరీ పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. మూడో అంతస్తులో మెట్ల పక్కన, ఒకటే కిటికీ ఉన్న గది. రెండు బల్లలు, ఐదు ఇనప బీరువాలు, గోడకు ప్రపంచ పటం. కంపెనీకి శాఖ ఉన్న చోటల్లా పటం మీద ఎర్ర గుండుసూది గుచ్చేవారు. శాఖ మూసేస్తే సూది పీకేసేవారు. చిల్లు మాత్రం అలాగే ఉండిపోయేది. కొన్ని ఖండాలు జల్లెడలా తయారయ్యాయి.

ఆ గదిలో పదహారేళ్లుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ టిక్కెట్ల మేడమ్ అనేవారు. ఆవిడ చేతుల మీదుగా నాలుగు వందల పైచిలుకు మంది విమానం ఎక్కారు. ఆవిడ మాత్రం ఒక్కసారి కూడా ఎక్కలేదు. విమానాశ్రయంలో ఏ గుమ్మం దగ్గర బెల్టు విప్పాలో, ఏ గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలో కళ్లు మూసుకుని చెప్పగలిగేది. విన్నవాళ్లు ఆవిడ వారానికోసారి విదేశాలు తిరిగొస్తుందనుకునేవారు. ఆవిడ కాదనేది కాదు.

పని చాలా శాస్త్రీయంగా జరిగేది. చలి దేశానికి వెళ్లేవాళ్లకు ఇచ్చే పుస్తకాన్ని ఎండ దేశంలో కూర్చున్న ఒకాయన రాశాడు. ఎండ దేశం పుస్తకాన్ని చలి దేశంలో కూర్చున్న మరొకాయన రాశాడు. ఇద్దరూ తమ తమ భయాలను నిజాయితీగా రాశారు. బయల్దేరే ముందు నలభై ప్రశ్నల సంసిద్ధత పరీక్ష ఉండేది. అక్కడి పై అధికారి నవ్వు రాని జోకు చెబితే మీరేం చేస్తారు అన్నది అందులో మొదటి ప్రశ్న. ఒక ఎలక్ట్రీషియన్ వెళ్లి చేరిన మూడు వారాలకు ఆయన సంసిద్ధుడు కాడని ఫలితం వచ్చింది. మనిషిని వెనక్కి రప్పించడం కన్నా ఫలితాన్ని సరిచెయ్యడం సులువు గనక అదే చేశారు. ఆయన అక్కడ నాలుగేళ్లు సంసిద్ధంగా ఉన్నాడు.

ఇలా సాఫీగా సాగుతున్న విభాగంలో ఇబ్బంది పెట్టిన మనిషి ఒక్కడే. ఫిట్టరు పెద్దాయన. పంపు మీద అరచెయ్యి ఆనించి, లోపల ఏ బేరింగు అరిగిందో చెప్పగల మనిషి. ఇరవై రెండేళ్ల సర్వీసున్న ఆయన్ని కొత్త ఫ్యాక్టరీలో పని నేర్పడానికి రెండేళ్లు పరాయి దేశం పంపారు. ఆయన ఒళ్లు దాచుకోకుండా తొంభై మందికి నేర్పాడు. ఆ తొంభై మందీ ఎంత బాగా నేర్చుకున్నారంటే, ఇక్కడ ఆయన సెక్షన్‌తో పనే లేకుండా పోయింది. తిరిగొచ్చేసరికి సెక్షన్ ఉన్న చోట సైకిళ్ల స్టాండు ఉంది.

ఆయన తన నియామక పత్రం పట్టుకుని మేడమ్ బల్ల దగ్గరికి వచ్చాడు. పత్రం చివరి పేరాలో, నియామక కాలం ముగించుకుని తిరిగి వచ్చిన పిమ్మట ఉద్యోగికి తగిన స్థానం కల్పించబడును అని ఉంది. అది మేడమ్ స్వయంగా రాసిన వాక్యం. అప్పటిదాకా నాలుగు వందల పత్రాల్లో ఒక్క అక్షరం మారకుండా వెళ్లిన వాక్యం. తగిన స్థానం పరిశీలనలో ఉందని ఆవిడ చెప్పింది. పరిశీలన జరిగినన్నాళ్లూ పెద్దాయనకు వరండాలో మంచినీళ్ల యంత్రం పక్కన ఒక కుర్చీ వేయించింది. రికార్డుల్లో ఆ కుర్చీ పేరు అనుభవ నిధి. ఏడు నెలలు ఆయన అనుభవ నిధిలో కూర్చుని, నీళ్లకు వచ్చినవాళ్లకు గ్లాసులు అందించాడు. ఒకసారి ఆ యంత్రం మోటారు పాడైతే బాగు కూడా చేశాడు. అనుమతి లేకుండా యంత్రం ముట్టుకున్నందుకు సంజాయిషీ అడిగారు.

ఒక మధ్యాహ్నం ఆయన వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. "అమ్మా, ఈ మాట రాసింది మీరే కదా. రాసేటప్పుడు మీ మనసులో ఏ కుర్చీ ఉంది?"

మేడమ్ నియమావళి తీసి సంబంధిత నిబంధన చదివి వినిపించింది. ఆయన మర్యాదగా చివరిదాకా విన్నాడు.

"అంటే ఏదీ లేదన్న మాట," అని కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆ వారంలోనే రాజీనామా ఇచ్చాడు. వార్షిక నివేదికలో ఆయన్ని స్వచ్ఛంద ఎదుగుదల అనే శీర్షిక కింద చూపించారు. ఒక్క ఫిర్యాదైనా రాకుండా వ్యవహారం చక్కబెట్టినందుకు మేడమ్‌కు ప్రశంసాపత్రం వచ్చింది. ఆవిడకు మనసు లేదని ఎవరూ అనుకోకూడదు. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు మామూలుగా ఆకలేసింది.

ఇంతలో ప్రపంచ ఆర్థిక పరిస్థితి మారింది. అది మూడు నెలలకోసారి మారేది, మారినప్పుడల్లా కంపెనీలో ఎవరో ఒకరు సర్దుకోవాల్సి వచ్చేది. ఈసారి ఉపాధ్యక్షుడు స్వయంగా వచ్చి, భోజనాల హాల్లో అందరినీ నిలబెట్టి ప్రసంగించాడు.

"మిత్రులారా, ప్రపంచం మారుతోంది. మారుతున్న ప్రపంచంలో మారనివి మన విలువలు మాత్రమే. అందుకే ఆ విలువలను మరింత చవగ్గా కాపాడుకోగల చోటికి తరలిస్తున్నాం."

అందరూ చప్పట్లు కొట్టారు. కొడుతూ కొడుతూ, తరలేది ఎవరా అని పక్కవాడి ముఖం చూశారు. తరలేది విదేశీ నియామకాల విభాగం. ఆ విభాగం చేసే పనంతా ఇకమీదట మరో దేశంలో జరుగుతుంది. అక్కడివాళ్లకు పని నేర్పి రావడానికి టిక్కెట్ల మేడమ్‌ను నాలుగు నెలలు విదేశానికి నియమించారు.

విభాగంలో ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి ఆవిడ నియామకాన్ని ఆవిడే నడిపించాల్సి వచ్చింది. దరఖాస్తు రాసి, దాన్ని పరిశీలించి, లోపాలున్నాయని వెనక్కి పంపి, సరిచేసి మళ్లీ ఇచ్చింది. కుటుంబ సమస్యల గురించి ఉద్యోగితో అరగంట ఆంతరంగికంగా మాట్లాడాలని నిబంధన ఉంది. ఆవిడ తలుపేసుకుని అరగంట కూర్చుని, సమస్యలు లేవు అన్న చోట టిక్కు పెట్టింది. చివరి పేరా దగ్గరికొచ్చేసరికి ఒక్క క్షణం చెయ్యి ఆగింది. తగిన స్థానం కల్పించబడును. అయితే మిగతా నాలుగు వందల మంది ఆ మాటను చదివినవాళ్లు. తాను రాసిన మనిషి. తన విషయంలో దానికి కచ్చితంగా ఒక అర్థం ఉంటుందని ఆవిడకు అనిపించింది. సంతకం పెట్టింది.

ఇంటికి వెళ్లి చెబితే పదేళ్ల కూతురు పుస్తకంలోంచి తలెత్తింది. "నిన్ను ఎవరు పంపిస్తున్నారమ్మా?"

"నేనేనే."

"అయితే వద్దని చెప్పుకో."

ఆవిడ భర్త బడిలో లెక్కల మాస్టారు. దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టి అడిగాడు. "వచ్చాక నీకు పనేంటి?"

"తగిన స్థానం ఇస్తారండీ."

"దేనికి తగింది?"

ఆవిడ పత్రం తీసి చివరి పేరా చూపించింది.

"మేమూ తెలియనిదానికి ఒక పేరు పెట్టే లెక్క మొదలుపెడతాం," అన్నాడు మాస్టారు. "కానీ చివరికి దాని విలువ ఎంతో తేల్చకపోతే మార్కులు వెయ్యం." మళ్లీ ఎర్ర కలం తీసుకున్నాడు. వెళ్లొద్దని మాత్రం అనలేదు. విమానం లోపల ఎలా ఉంటుందో చూడాలని ఆవిడకు పదహారేళ్లుగా ఉన్న కోరిక ఆయనకు తెలుసు. లోపల బస్సులాగే ఉంటుందని తర్వాత ఆవిడకూ తెలిసింది.

అక్కడి ఆఫీసు తొమ్మిదో అంతస్తులో ఉంది. నాలుగు వైపులా అద్దాలే. కొత్త విభాగం మొత్తం కలిపి ఒకే ఒక మనిషి, పొడుగ్గా ఉన్న ఒక అమ్మాయి. అంతకు ముందు ఆస్పత్రిలో రోగుల పేర్లు రాసుకునే పని చేసేదట. అక్కడ అబద్ధం రాస్తే మనిషి చచ్చిపోతాడు గనక ఆమెకు ఉన్నదున్నట్టు రాసే చెడ్డ అలవాటు ఉంది. దాన్ని మాన్పించడానికి మేడమ్‌కు నెలన్నర పట్టింది.

మొదట్లో పొడుగమ్మాయి ప్రతి గడి దగ్గరా ఆగి అడిగేది. "మేడమ్, తగిన స్థానం అని రాస్తున్నాం కదా. ఏ స్థానమో పక్కన రాసుకోవద్దా?"

"రాయకూడదు. రాస్తే అది ఇవ్వాల్సొస్తుంది."

"మరి వాళ్లొచ్చి అడిగితే?"

"అడుగుతారు. రోజూ అడుగుతారు. ఒకరోజు మానేస్తారు."

"ఎందుకు మానేస్తారు మేడమ్?"

మేడమ్‌కు వరండాలో మంచినీళ్ల యంత్రం గుర్తొచ్చింది. "అనుభవం మీద తెలుస్తుందిలే," అని తర్వాతి పేజీ తిప్పింది.

ఒక విషయం ఒప్పుకోవాలి. ఆవిడ గొప్పగా నేర్పింది. పదహారేళ్లుగా తనకు తెలిసినదంతా, ఏ బీరువాలోనూ లేని కిటుకులతో సహా ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఇద్దరూ మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర తెచ్చుకున్నది పంచుకుని తినేవారు. తండ్రి మంచం పట్టినప్పటి నుంచి ఇల్లంతా తన ఉద్యోగం మీదే నడుస్తోందని పొడుగమ్మాయి చెప్పింది. నీకేం భయం లేదు, మంచి కంపెనీ, అని మేడమ్ ధైర్యం చెప్పింది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. అదే అసలు విచిత్రం.

నాలుగో నెల చివర ప్రధాన కార్యాలయం నుంచి పరీక్ష కోసం ఒక నిజమైన ఫైలు వచ్చింది. ఒక ఉద్యోగి తిరిగి రావడానికి సంబంధించిన పత్రాలన్నీ తయారుచెయ్యాలి. దాన్ని బట్టే శిక్షణ పొందినవారిని పనిలో ఉంచాలో తీసెయ్యాలో నిర్ణయిస్తారు. పొడుగమ్మాయి ఫైలు తెరిచి, మూసి, కాసేపటికి దాన్ని తెచ్చి మేడమ్ బల్ల మీద పెట్టింది.

"ఇది నేను చెయ్యను మేడమ్. ఇది మీ ఫైలు."

మేడమ్ చూసింది. ఫొటో తనదే. సంతకం తనదే.

"చెయ్యకపోతే నీ ఉద్యోగం పోతుంది."

"చేస్తే మీది పోతుంది కదా."

"నాది పోయి నాలుగు నెలలైనట్టుందమ్మా. నాకే ఇవాళ తెలిసింది. వెళ్లి రాయి."

సాయంత్రంలోగా ఉత్తరం తయారైంది. మీ మాతృ విభాగం ప్రస్తుతం ఉనికిలో లేనందున మీరు తిరిగి విధుల్లో చేరవలసిన తేదీ అనే ప్రశ్న ఉత్పన్నం కాదు. ఈ సంవత్సరాంతంలోగా తగిన స్థానం ఏర్పడినచో తెలియజేయబడును. అంతవరకు మీ సహకారం ఆశించడమైనది.

మేడమ్ దాన్ని నిలబడే చదివింది. భాష నిర్దోషంగా ఉంది. వాక్యం ఎక్కడా తడబడలేదు. తన ముఖాన్ని అద్దంలో చూసుకున్నట్టే ఉంది. ఎర్ర కలం తీసి, సంవత్సరాంతంలోగా అన్న మాటను కొట్టేసింది.

"తేదీ ఇవ్వకూడదని చెప్పానా లేదా? తేదీ ఇస్తే మనిషి దాన్ని పట్టుకుని వేలాడుతుంది."

"ఏదో ఒకటి మీకు ఉండాలని రాశాను మేడమ్," అంది పొడుగమ్మాయి. ఆమె కళ్లనిండా నీళ్లు. మేడమ్ తన చేతిరుమాలు ఇచ్చి, వందకు తొంభై ఎనిమిది మార్కులు వేసింది. పోయిన రెండూ ఆ తేదీకి. తర్వాత ముఖం కడుక్కునే గదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడు ఆగకుండా చూసుకుంటూ చాలాసేపు ఉండిపోయింది.

నియమావళి ప్రకారం విదేశం నుంచి తిరిగొచ్చే ఉద్యోగికి విమానాశ్రయంలో ఎదురెళ్లి, యోగక్షేమాలు విచారించి తీసుకురావలసిన బాధ్యత విదేశీ నియామకాల విభాగానిది. ఆవిడ తనే తన పెట్టె దింపుకుని, తనే బయటికి వచ్చింది. అక్కడ మాస్టారూ కూతురూ నిలబడి ఉన్నారు. వాళ్లకు ఏ నిబంధనా వర్తించదు, అయినా వచ్చారు. మాస్టారు పెట్టె అందుకున్నాడు.

మర్నాడు ఆఫీసుకు వెళ్లి చూస్తే, మూడో అంతస్తులోని ఆవిడ గదిలో బీరువాలు లేవు, పటం లేదు. గోడలకు లేత నీలం రంగు వేశారు. తలుపు మీద ఒత్తిడి నివారణ గది అని రాసి ఉంది. లోపల మెత్తటి పరుపులు పరిచారు. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో నిద్ర పట్టనివాళ్లు వచ్చి పదిహేను నిమిషాలు పడుకోవచ్చు. మేడమ్ పేరు జాబితాలో లేదని కాపలావాడు ఆవిడను లోపలికి పోనివ్వలేదు.

అక్కడి నుంచి ఆవిడ ఇంటికి వెళ్లలేదు. నాలుగు వీధుల అవతల ఫిట్టరు పెద్దాయన మోటార్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడని ఎప్పుడో విని ఉంది. వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన చేతులకు గ్రీజు. ఆవిడను చూసి ఆశ్చర్యపోలేదు.

"మీరు అడిగినదానికి జవాబు చెప్పిపోదామని వచ్చాను," అంది. "నా మనసులో ఏ కుర్చీ లేదు."

"అప్పుడే తెలుసమ్మా. మీ నోటి నుంచి వస్తుందనే అడిగాను," అన్నాడు పెద్దాయన. ఒక స్టూలు మీది సామాను తీసి, గుడ్డతో తుడిచి ఆవిడకు వేశాడు. ఆవిడ కూర్చుంది. ఆయన మోటారు విప్పుతుంటే ఆవిడ చూస్తూ ఉంది.

ఆ స్టూలు మీద ఆవిడ ఒక నిర్ణయం తీసుకుంది. మనిషి జీవితంలో ఒక్కసారైనా నిజం రాసి చూడాలి.

అవకాశం తొందరగానే వచ్చింది. దేశదేశాల్లో వంతెనలు కట్టే ఒక కంపెనీ యజమాని ఆవిడను పిలిపించాడు. "మీరు పంపినవాళ్లు ఒక్కళ్లూ నోరెత్తలేదని విన్నాను. అలాంటి మనిషే నాకు కావాలి," అన్నాడు. నియామక పత్రంలో ప్రతి మాటా తాను రాసినట్టే ఉండాలి, ఎవరూ దిద్దకూడదు అని ఆవిడ షరతు పెట్టింది. ఆయన ఆ రోజు తొందరలో ఉన్నాడు, సరేనన్నాడు.

ఆవిడ మూడు రోజులు కూర్చుని పత్రం రాసింది. కల్పించబడును, ఉత్పన్నం కాదు వంటి మాటలన్నీ తీసిపారేసింది. మొదటి పేజీలోనే, మిగతా అక్షరాలకు రెట్టింపు సైజులో ఇలా అచ్చు వేయించింది: మీరు తిరిగి వచ్చేసరికి ఇక్కడ మీ ఉద్యోగం ఉండదు. మీరు అక్కడ నేర్పబోయే పనే మీ పనిని తీసేస్తుంది. ఈ సంగతి బాగా ఆలోచించుకుని, ఇంట్లోవాళ్లను అడిగి, ఇష్టమైతేనే సంతకం పెట్టండి.

మొదటి విడతలో ముప్ఫై ఒక్క మందిని పిలిచి హాల్లో కూర్చోబెట్టి పత్రాలు పంచారు. ఆలోచించుకోవడానికి వారం గడువిచ్చారు. ఎంతమంది లేచి వెళ్లిపోతారో ఆవిడ మనసులో లెక్క వేసుకుంది. యజమాని కోపాన్ని ఎలా ఎదుర్కోవాలో ఇంట్లో మాస్టారి ముందు రిహార్సల్ కూడా వేసుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళకే ముప్ఫై ఒక్క సంతకాలూ వచ్చేశాయి. ఒకాయన కలం లేక పక్కవాడిది లాక్కుని మరీ పెట్టాడు. మేడమ్ ఏదో పొరపాటు జరిగిందనుకుని, వాళ్లలో కాస్త చదువుకున్నవాడిలా కనిపించిన సర్వేయరును పక్కకు పిలిచింది.

"పత్రం చదివారా?"

"చదివాను మేడమ్. రెండుసార్లు."

"మొదటి పేజీలో ఏముంది?"

"వచ్చేసరికి ఉద్యోగం ఉండదని ఉంది."

"మరి సంతకం ఎలా పెట్టారండీ?"

సర్వేయరు చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు నవ్వాడు. "అది మామూలుగా అందరి గురించీ రాసేది మేడమ్. నేను పని బాగా చేస్తాను. నన్నెందుకు తీసేస్తారు?"

మిగతా ముప్ఫై మందినీ ఆవిడ ఒక్కొక్కరినే పిలిచి అడిగింది. అందరూ చదివారు. అందరికీ అర్థమైంది. ఆ పేరా మిగతా ముప్ఫై మంది గురించేనని ప్రతి ఒక్కరికీ స్పష్టంగా తెలుసు. ఒకాయన మాత్రం తన స్నేహితుడి విషయంలో కొంచెం బాధగా ఉందన్నాడు.

యజమానికి విషయం సాయంత్రం తెలిసింది. కోప్పడలేదు. ప్లీడరును పిలిపించి పత్రం చూపించాడు. ఇంత పటిష్ఠమైన పత్రం తన సర్వీసులో చూడలేదని, ముందే చెప్పాం గనక ఇక ఏ కోర్టులోనూ ఎవడూ మన మీద గెలవలేడని ప్లీడరు ఆనందం పట్టలేకపోయాడు. పాత పద్ధతిలో ఆశ పెట్టి పంపేవాళ్లు, ఆశ పెట్టినందుకు అప్పుడప్పుడు సమాధానం చెప్పుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ చికాకు లేదు. నిజం చెబితే ఇంత సుఖం ఉందని వ్యాపారస్తులకు ఇన్నాళ్లూ తెలియలేదు. ఏడాది తిరక్కుండా ఆ పేరా ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పాకి, పరాయి దేశం ఊసే లేని ఉద్యోగాల పత్రాల్లోకి కూడా వచ్చి కూర్చుంది.

పాఠకులు ఇక్కడిదాకా ఓపిగ్గా చదివారు. ఈ కథ ఎవరి గురించో ఈపాటికి మీకు తెలిసిపోయే ఉంటుంది. మీ ఆఫీసులో, మీ పక్క బల్ల ఆయన గురించి. పాపం, ఆయనకు ఒకసారి చదివి వినిపించండి. ఆయన కూడా మీ వంక జాలిగా చూస్తాడు.